పెట్రోలు బంకు దీపం కింద

శుక్రవారం రాత్రుళ్లు
లుసాకాలో మా ఊరంతా
పెట్రోలు బంకు దీపం కింద ఉంటుంది.

ఊరంటే పద్నాలుగు మందిమి.
ఎవరి ఇల్లూ అక్కడ లేదు.
ఇళ్లల్లో మా మాట తెలిసినవాళ్లు లేరని
ఇక్కడికొస్తాం.
వెలుతురు ఎంత మేర పడితే
అంత మేర మా భాష.
"ఇటు జరుగు, నీ మాట సగం చీకట్లో ఉంది" అని
చోల్వేను ప్రతిసారీ చొక్కా పట్టి లాగాల్సిందే.

కుడిచేత్తో న్షీమా ముద్ద, ఎడంచేత్తో కబురు.
నోటినిండా తింటూ మాట్లాడితే
తిట్టే పెద్దలు మాకు లేరు.

ఈ వారం కబుర్లన్నీ కొలువుల గురించే.
నమకావు దరఖాస్తులో ఫోను నంబరు అడిగారు. రాసింది.
వాళ్లు పిలిచారు.
ఆమె జేబులో ఫోను వణికి వణికి ఊరుకుంది.
పదకొండు మిస్డ్ కాల్స్.
"అభ్యర్థి స్పందించలేదు" అని తర్వాత ఒక కాగితం.

ముటింటాను పిండిమరలో పెట్టుకున్నారు.
ఈ మోత నిన్నేం చెయ్యదుగా అన్నాడట యజమాని,
దయగా, జీతంలో కొంత కోసుకుంటూ.
మోత నాకు కాళ్లలోంచి వస్తుంది, అంటుంది ముటింటా,
మంచమెక్కినా మడమల్లో మర తిరుగుతూనే ఉంటుంది.
బెల్టు తెగబోతోందని అందరికన్నా ముందు
ఆ మడమలకే తెలిసింది మొన్న.
జీతం మాత్రం పెరగలేదు.

తొమ్మిదింటికి కరెంటు పోయింది.
చోల్వే వాక్యం మధ్యలో ఉన్నాడు:
సోలారు కంపెనీ వాళ్లు నన్ను
అంతే. క్రియ రాకముందే చీకటి.
తీసుకున్నారా? పొమ్మన్నారా?
మిగిలిన పదముగ్గురం
ఆ వాక్యం అంచున నిలబడిపోయాం.

నమకావు తడుముకుంటూ వెళ్లి
అతని చేతులు రెండూ పట్టుకుంది: మళ్లీ చెప్పు.
ఆమె అరచేతుల్లోంచి పక్కవాళ్ల అరచేతుల్లోకి
ఆ మాట నడిచి నడిచి
నా దగ్గరికొచ్చేసరికి
"నిచ్చెన మీంచి పడ్డాడు" అయింది.
నా గుండె జారిపోయింది.

బంకు కుర్రాడు సిట్వాలా, వినేవాడే,
తన బైకు తిప్పి హెడ్‌లైటు మా మీద వేశాడు.
అప్పుడు వచ్చింది క్రియ.
తీసుకున్నారు!
మూడు నెలలు చూస్తారట. నిచ్చెనెక్కి కప్పుల మీద
పలకలు బిగించే పని.
మేస్త్రీ అప్పుడే మూడు మాటలు నేర్చుకున్నాడట:
స్క్రూ. ఆగు. షాకు.

మా చేతులన్నీ గాల్లోకి లేచి ఊగాయి.
దారినపోయేవాళ్లు చూసి
వీళ్లెందుకో చేతులెత్తేశారు అనుకుని ఉంటారు.
మా చప్పట్లు అలాగే ఉంటాయి.

ఆ వెలుతుర్లోనే నమకావు
ఇంకో కంపెనీ ఫారం మడత విప్పింది.
నంబరు గడిలో ఇరికించి ఇరికించి రాసింది:
పిలవకండి. రాయండి.

బ్యాటరీ పడిపోతోందని సిట్వాలా
రెండుసార్లు హారన్ కొట్టాడట, పాపం.
మూడోసారికి గుర్తొచ్చి
లైటు ఆర్పి వెలిగించాడు.