ఎరుపు కనబడని చోట

ఏసీ గార్డ్స్‌ల జిరాక్స్ దుకాణం మీద
రెండర్రల చర్మాల దవాఖాన.
పదకొండేండ్ల సంది నేనక్కడ
పేర్లు రాస్త, నంబర్లు పిలుస్త,
లైటు ఆర్పుత.

అవు, ఆర్పుడే నా అసలు కొలువు.
"స్వరూపా, ట్యూబులైటు బంద్ జెయ్, కిటికీ దెరువ్"
అంటది డాక్టర్ మెహజబీన్.
ట్యూబులైటు అందరికీ ఒక్కటే సున్నమేస్తది.
పొద్దటి వెలుగు మాత్రం
ఎవరి రంగు వాళ్లకు వాపసిస్తది.

మర్ఫా వాయించే మబ్రూక్ భాయ్ ఒచ్చిండు ఒక శుక్రారం,
తాతల తాతలు సముద్రం దాటొచ్చి నిజాం గుర్రాలెక్కినోళ్లు.
మూడు నెలల సంది వీపంత దురద.
రెండు దవాఖానలల్ల "ఏం లేదు, ఎర్రగ లేదు కదా" అన్నరట.
డాక్టరమ్మ వేళ్ల వెనకతోని మెల్లగ తాకి చూసింది,
ఎండల నిలబెట్టిన రేకు తలుపు తీరు వేడి.
"ఈ మేన మీద ఎరుపు ఎర్రగుండదు.
నేరేడు తీరుంటది, ఒక్కోసారి బూడిద తీరుంటది.
చూసేటోనికి రాకపోతె రోగం లేనట్టా?"

ఆమె లావు పుస్తకం తిరగేసిన ఒకనాడు.
అన్ని బొమ్మలు గులాబి రంగు మనుషులే.
అంచులల్ల పెన్సిలుతోని ఆమె రాసుకున్న మాటలు:
నేరేడు. ఇటుక పొడి. నానిన చింతపిక్క.

కోకాపేట కట్టడాల కాడి జమ్కు బాయి అరచేతులు
సిమెంటు తిని పగిలినయి.
పని మానెయ్యమని చెప్పలే. మానేస్తె తినేదేంది?
కడుక్కున్న తడి ఆరకముందే వ్యాజలైన్ రాయమన్నది,
రాత్రి పాత సాక్సులు తొడగమన్నది చేతులకు.
జమ్కు బాయి నవ్విన నవ్వుకు
నంబరు ఏడాడ ఉన్నదో మర్చిపోయిన.

పార్లర్ల పనిచేసే లింథోయిది ఇంఫాల్.
"ఏం తింటరు మీరు, గింత నున్నగుంటరు?"
గిరాకీలు రోజూ అడుగుతరట.
చున్నీ తీస్తె మెడ చుట్టు దద్దుర్లు,
ఇక్కడి ఎండకు, ఇక్కడి నీళ్లకు,
గా ప్రశ్నకు గూడ అని నా అనుమానం.

నా ముచ్చట దాచుడెందుకు.
పద్దెనిమిదేండ్లప్పుడు మా చిన్నమ్మ
మెడికల్ షాపు నుంచి ట్యూబు తెచ్చిచ్చింది.
నెలకు మెరిసిన.
ఆర్నెల్లకు లక్డీకాపూల్ బస్టాపుల నిలబడితె
మొహం మండేది, ఉల్లిపొర తీరు పలచనైంది.
మానేస్తె పగబట్టింది.
గట్లనే ఈ మెట్లు మొదలెక్కిన, పేషంటుగ.
"రంగు తగ్గిచ్చే మందు నా తాన లేదు,
మంట తగ్గిచ్చేది ఉన్నది" అన్నది.
ఏడ్సిన. రెండిట్ల ఏ మాటకో ఇప్పటికీ తెల్వదు.

మొన్న నంబరు పందొమ్మిది.
ఆరేండ్ల పిల్ల, మౌక్తిక, వానపడ్డ రేగడి తీరు నిగనిగ.
బుగ్గ మీద మూడు తెల్లటి మచ్చలు, పొడిపొడిగ.
వాళ్ల నాయిన గొంతు తగ్గిచ్చి అడిగిండు,
"మేడం, ఇది మొహమంత పాకుతదా?"
భయపడ్డడనుకున్న.
కాదు.
ఆయన కండ్లల్ల ఆశ ఉన్నది.

డాక్టరమ్మ ఏమనలే. కలానికి మూత పెట్టింది.
ఫ్యాను చప్పుడు.
పిల్లనే అడిగింది:
"నా రంగు మళ్ల ఒస్తదా?"

"ఒస్తది. కొబ్బరినూనె రాయి, ఎండల టోపి పెట్టుకో.
కొన్ని నెలలు పడ్తది. దానికి తొందరుండదు."
"గిప్పుడు ఏడికి పోయింది?"
"అలిసి పండుకుంది."

చీటీ నేనే ఇచ్చిన, మళ్ల రావాల్సిన తారీఖు రాసి.
ఆ నాయిన నా మొహం చూసిండు,
పాత ట్యూబు మిగిల్చిన గుర్తుల కాడ ఆగిండు,
ఏమో అడగబోయి
ఫీజెంత అన్నడు.

ఇరవై, అని పిలిచిన.
బయట మబ్బు పట్టింది.
లైటు వెయ్యలే.
కిటికీ రెండో రెక్క గూడ దెరిచిన.