చప్పిడి

చేపాక్‌లో మూడో అంతస్తు. ఫ్యాను వెయ్యనివ్వడు ఏళుమలై,
తాటాకులు ఎగిరిపోతాయని.
నిమ్మగడ్డి నూనెలో ముంచిన గుడ్డతో
ఔబళ వైద్యుణ్ణి తుడుస్తున్నాను.
మసి పూస్తే ఒక్కో అక్షరం
నిద్రలేచినట్టు నల్లబడుతుంది.

పార్థివ సంవత్సరం, ఆషాఢ బహుళం.
ఊరి పేరులో ‘పాళెం’ అన్న ముక్కే మిగిలింది,
దొర పేరు అదీ లేదు.
దొరవారి కాళ్ళు మాత్రం ఉన్నాయి:
నొక్కితే గుంట పడి, అది నిండేలోపు
ఇరవై లెక్కపెట్టగలిగేంత వాపు.
“నాడి హంసలా బరువుగా నడుస్తున్నది.
గలిజేరు వేరు, శొంఠి. ఉప్పు కూడదు.”

ఇక్కడిదాకా శ్లోకం, టీక, గురువులకు దండాలు,
పాత గ్రంథాలతో తగాదా:
“పూర్వులు చెప్పినది పూర్వుల కాళ్ళకు సరిపోయి ఉండవచ్చును.”
ఆ వాక్యం దగ్గర నవ్వొచ్చింది నాకు.

తర్వాతి ఆకులో గంటం ఒత్తిడి మారింది.
“వైద్యుడు తింటేనే తానూ తింటానన్నారు దొరవారు.
కొలువులో ఎదురుగా కూర్చోబెట్టి చప్పిడి కూడు పెట్టించారు.
రాత్రి ఇంట్లో తినవచ్చును. తినలేదు.
తిన్నవాడి గొంతు వేరుగా ఉంటుంది,
దొర చెవి పదునైనది.

మూడేండ్లు. వాపు దిగింది. మాన్యం ఇచ్చారు.
ఆ పూట ఉప్పు మూట తెచ్చి విప్పితే
ఇంటిది చిటికెడు నాలుక మీద వేసుకుని ఏడ్చింది.
కుండ ఒకటే, పొయ్యి ఒకటే.
నీ సంగతేమని ఒక్కనాడూ అడగలేదు నేను.”

అంతే. ఆ కిందే
పిల్లల దగ్గుకు కరక్కాయ.

నా చేతిలో ఫారం ఉంది.
విషయం: వైద్యం. భాష: తెలుగు, సంస్కృతం. స్థితి: శిథిలం.
ఆమెకు గడి లేదు.
పేరు రాశాడు పాపం, రాసినచోటే పురుగు తిన్నది.
‘మ్మ’ మిగిలింది.
తిమ్మమ్మో, చెన్నమ్మో,
సగం దేశం ‘మ్మ’తోనే ముగుస్తుంది.

ఆకు వెలుతురుకు ఎత్తి పట్టాను.
చిల్లులోంచి కిటికీ, రోడ్డు, రోడ్డవతల ఇసుక,
ఇసుక చివర గోరంత సముద్రం.

రాయపేట డాక్టరు చీటీ
ఆర్నెల్లుగా నా పర్సులోనే నలుగుతోంది.
ఒంటిగంటకు ఏళుమలై ఎప్పట్లాగే
డబ్బా మూతలో మామిడికాయ బద్ద పెట్టి ఇటు జరిపాడు.
ఇవాళ వద్దన్నాను.
నా మొహంలోకి చూశాడు, నుదుటి మీద చెయ్యి వేశాడు.
“ఎన్న సార్, జ్వరమా?”