చాలునా, చాలదా

లికోని రేవులో పడవ ఇంకా అవతలే ఉంది.
మ్వనాషా ఒళ్ళో పుస్తకం,
చెవి మీద పెన్ను,
పగలంతా కంటైనర్ల బరువులు రాసి వేలికి కాయ కాసింది.

ఈ ప్రశ్న జవాబు అడగదు.
జవాబు తేలడానికి ఇచ్చింది చాలునా,
అంతవరకే.
ఆ సంగతి మరిచి లెక్క చివరిదాకా చేసి
పోయిన పరీక్షలో గంట కొట్టించుకుంది.

ఎక్స్ వర్గం పదహారు.
నాలుగు! అని చెయ్యి ఉరికింది.
రేవు మెట్లు చూసింది.
పాటు వస్తేగాని కనబడని మెట్లు కిందా ఉన్నాయి,
సున్నాకి అవతల, నాచు పట్టి,
అక్కడా ఒక నాలుగు.

ఒకసారి రెండువైపులా ఎక్స్ ఉందని కొట్టేసింది.
మ్వకియో మాస్టారు ఎర్రసిరాతో
"అది సున్నా అయితే?" అని రాసి ఊరుకున్నాడు.
ఆ రాత్రి కలలో
ఖాళీ కంటైనరొకటి తూకం మీదికొచ్చి
కదలనంది.

రెండు సమీకరణాలున్నాయి కదా అని మురిసిపోకు:
రెండోది మొదటిదే,
రెండుతో గుణించిన చొక్కా తొడుక్కుంది.
ఒక్కడే రెండుసార్లు సాక్ష్యం చెబితే
ఇద్దరు సాక్షులవుతారా?

మొదటి వాక్యం చదివి, మరిచి,
రెండోది చదవాలి.
ఇదే ఆమెకు చేతకాదు.
విన్నమాట ఏదీ వదలని మనిషి,
మూడేళ్ళ కిందటి మాట కూడా.

పక్కన బీ జుహూరా బుట్ట సర్దుకుంటోంది.
కొబ్బరికాయ యాభై, అనాస డెబ్భై.
ఎవరో మూడువందల పది చేతిలో పెట్టి
రెండు రకాలూ పట్టుకెళ్ళాడు.
ఎన్నేసి?
తెలియనివి రెండు, సమీకరణం ఒకటి.
చాలదు, అనబోయింది మ్వనాషా.
నాలుక కరుచుకుంది.
బీ జుహూరా సగం కాయ అమ్మదు,
ఏ దేవుడొచ్చి అడిగినా అమ్మదు.
రెండు కొబ్బరికాయలు, మూడు అనాసలు.
ఇంకో దారి లేదు.

ఎక్స్ ధనమా అంటే,
కచ్చితంగా కాదని తేలినా చాలినట్టే.
కాదు కూడా జవాబే.
మనసు దాన్ని ఓటమి అనుకుంటుంది,
పుస్తకం అనుకోదు.

పడవ తలుపు ఇనుపచప్పుడుతో వాలింది.
"ఈసారి గట్టెక్కుతావా, పిల్లా?"
చదివిన రాత్రులు ఒక వాక్యం,
మిగిలిన పదిరోజులు ఇంకో వాక్యం.
"రెండూ కలిపినా చాలవు, బీ" అని నవ్వి
బుట్టకి ఒక చెవి తను పట్టుకుంది.