కప్పు మీద కప్పు

వయాల్లాలో గాలికి రంగుంది.
ఇనుప ఖనిజం ఎరుపు.
ఆరేసిన దుప్పట్ల మీద, కిటికీ అంచుల మీద,
షెడ్డులో నా డెబ్భై ఒకటో ఏటి వేలియంట్ మీద
అడక్కుండానే తొలి కోటు వేసి పోతుంది.

ఇంజను అయింది. బ్రేకులు అయ్యాయి.
సీటు కింద దొరికిన రెండు సెంట్ల నాణేన్ని కూడా
తుడిచి, దొరికిన చోటే పెట్టాను.
మిగిలింది కప్పు ఒక్కటే.
ఏడు వారాలుగా, మిగిలింది కప్పు ఒక్కటే.

"పెయింటే వేద్దాం," అంటాడు మెర్విన్ నిట్ష్కె.
"వినైల్ అంటే తుప్పుకి కప్పిన దుప్పటి.
వాన నీళ్లు కిందికి దూరి
నువ్వు గుర్రుపెట్టే వేళ రేకుని కొరుక్కు తింటాయి.
పట్టీల చిల్లులు పద్నాలుగు. పూడ్చేస్తా.
గుడ్డు పెంకులా వస్తుంది."

నిజమే. పాతది ఊడదీసిన రోజు చూశాం:
వెనక అద్దం మూలల్లో
రేకుకీ జల్లెడకీ తేడా లేదు.

ఫ్యాక్టరీ వాళ్లు వేసింది సోకుకే కాదట,
అతుకు దగ్గర గరుకు వెల్డింగుని
రుద్దే కూలీ మిగలడానికట.
"కప్పే కప్పిపుచ్చేది. దాని మీద ఇంకో కప్పా?"

ఆ కూలీ మిగిల్చిన చేతుల్లో మా అమ్మవీ ఉన్నాయి.
టాన్స్‌లీ పార్కు, కుట్టు మిషన్ల వరస.
షిబెనిక్ నుంచి ఓడలో వచ్చిన మిల్కా
కొత్త భాషలో ముందుగా నేర్చింది మూడు మాటలు:
దారం, తెగింది, మళ్లీ.
అంగుళానికి ఆరు కుట్లు,
ముందు అద్దం నుంచి వెనక అద్దం దాకా
కప్పుకి రెండు తిన్నని దారులు.
ఇంటికొచ్చాక బొటనవేలు మడవలేక
చెంచాని పిడికిట్లో పట్టుకుని సూపు తాగేది.
మాకు కారు లేదు.

ఊడిన వినైల్ వెనకవైపు
ఎండిన బంక పొలుసుల మధ్య
నీలం సిరా ముద్ర: 17.

మెర్విన్ రేడియో తగ్గించాడు.
అడిలైడ్‌లో అక్కకి ఫోన్ చేశాను.
"అమ్మ నంబరెంత?"
చాలాసేపు గిన్నెల చప్పుడు.
"నలభై మూడో, నలభై నాలుగో.
పదిహేడు మాత్రం కాదు. ఎందుకే?"

కాదు. అమ్మ కాదు.
ఎవరో గ్రీకు పిల్ల, లేదా కలాబ్రియా ఆవిడ.
ఆ శుక్రవారం తొందరలో ఉన్నట్టుంది,
ఎడమ కుట్టు చివర జానెడు మేర వంకర.
తనిఖీవాడు చూడలేదో, చూసి వదిలేశాడో.

బోనెట్ మీద నమూనాలు పేకముక్కల్లా పరిచాను.
మొసలి గరుకు. ఏనుగుతోలు గరుకు.
ఏదీ వద్దనుకుంటే ఒంటి రంగే పైదాకా, ఆవపిండి పసుపు.
నా తరఫున ఎవరైనా ముక్క తీస్తే బాగుండును.

"వినైలే," అన్నాను చివరికి.
"కానీ ముందు తుప్పంతా కోసెయ్. కొత్త రేకు అతుకు.
వెల్డింగు రుద్దు.
కింద దాచాల్సింది ఏమీ లేదనిపించాకే కప్పుదాం."
"ఎవరూ చూడని నునుపుకి డబ్బు తగలేస్తావా?"
నా దగ్గర జవాబు లేదు.
"బిల్లులో వెయ్యి," అన్నాను.

కుట్లు నేనే వేశాను.
అమ్మ మిషను మీద కాదు, దాన్ని ఎప్పుడో అమ్మేశాం.
జీనులు కుట్టే ఆయన దగ్గర, గంటకింతని.
మూడోసారికి తిన్నగా వచ్చింది.
రెండు రోజులు బొటనవేలు మడవలేదు.

స్టీలు పట్టీల్లో కుడివైపు దానికి సొట్ట.
కొత్తది పెర్త్‌లో ఉందన్నారు.
ధర విని ఫోన్ పెట్టేశాను.

బంక కలిపే ముందు మెర్విన్ టీకి వెళ్లాడు.
నీలం మార్కరు మూత తీసి
వినైల్ వెనక 17 అని రాశాను.
పక్కన 43.
కాసేపు ఆగి, 44 కూడా.

నడుమ నుంచి అంచులకి
అరచేతులతో గాలి తోసుకుంటూ అతికించాం.
మర్నాడు బయటికి నెట్టేసరికి
గాలి కాచుకునే ఉంది.
ఏనుగుతోలు ముడతల్లో అప్పుడే
ఎరుపు చేరుతోంది.