నాలుగు కొసలు

ఓడలో నాది నీటిమట్టానికి కింద ఉద్యోగం.
మూడువేల మంది నిద్రను ఉతికి ఆరబెడతాను.
ఎవరు రాత్రంతా ఏడ్చారో, ఎవరు వైను ఒలకబోసుకున్నారో
దుప్పట్లు చెబుతాయి.
ముఖాలు మాత్రం తెలీవు.

పదకొండు రోజుల తర్వాత ఇవాళ ఆరు గంటల సెలవు.
చొక్కాలకు అంకెల బిళ్ళలు అతికించుకున్న యాత్రికులు
ముందు దిగారు. ఆఖరి పడవలో మేం నలుగురం.
మొజాంబిక్ దీవి. రేవు మెట్టు మీద కాలు పెట్టగానే
నేల ఊగింది.
కాదు, ఊగింది నేనే.

రాతి ఊరంతా పగడపు రాళ్ళ గోడలు.
సున్నం పెచ్చులూడిన చోట గులాబీ, పసుపు, మళ్ళీ గులాబీ,
ఎన్ని పెళ్ళిళ్ళకు వేసిన రంగులో.
గొడుగు ఎత్తిపట్టిన గైడు కోట గురించి చెబుతున్నాడు:
ఇన్ని ఫిరంగులు, ఇన్ని ముట్టడులు, ఇన్ని ఏళ్ళు.
మనుషుల్ని గొలుసులతో ఎక్కించిన చోట
ఒక్క నిమిషం ఆగి
గడియారం చూసుకున్నాడు.

నేను గుంపును వదిలి దక్షిణానికి నడిచాను.
ఉన్నట్టుండి వీధి పైన ఉండిపోయింది,
ఇళ్ళు కిందికి దిగిపోయాయి.
కొబ్బరాకుల కప్పులు నా మోకాళ్ళ ఎత్తున.
"ఆ మేడలకి రాయి తవ్వింది ఇక్కడే.
ఆ గుంటలో మేం ఉంటున్నాం"
అంది అతీజా, అదేం పెద్ద వింత కాదన్నట్టు,
సానరాయి మీద కొమ్మముక్క అరగదీస్తూ.
వచ్చీరాని పోర్చుగీసు నాది, ఓపిక ఆమెది.
ముఖమంతా తెల్లటి ముసీరో పూత,
అందులోంచి కళ్ళు మాత్రం నల్లగా నవ్వుతున్నాయి.

ఆమె మనవడు మొమాదె సీసాడు పూసలు తెచ్చాడు.
ఎప్పుడో మునిగిన ఓడలవట.
పోటు తీశాక ఇసుకలో ఏరుకుంటాడట.
"మీ ఓడ మునిగితే ఏం దొరుకుతాయి?"
కాసేపు ఆలోచించాను.
"దుప్పట్లు" అన్నాను.
వాడికి నచ్చలేదు.

అంతలో వాన, చెప్పాపెట్టకుండా.
గుంటలో ఉన్న పేటకి వానంటే పరుగే:
ఒకరు గడపకు ఇసుక బస్తా అడ్డం వేస్తారు,
ఒకరు చూరు కింద బకెట్టు,
అతీజా దండెం వైపు.
నా చేతులు నన్ను అడగలేదు.
క్లిప్పులు పళ్ళ మధ్య పట్టి లాగేశాను
ఎవరివో కాపులానాలు, ఎవరి పసివాడివో చొక్కాలు.

లోపల నిలబడి మడత పెట్టాం.
ఓడలో మడత పెట్టేది యంత్రం. ఇక్కడ
రెండు కొసలు ఆమెవి, రెండు నావి.
దులపడం, బిగించి లాగడం, దగ్గరికి నడవడం,
వేళ్ళు తగలగానే కొసలు అప్పగించి
వంగి కింది మడత అందుకోవడం.
మళ్ళీ వెనక్కి, మళ్ళీ దగ్గరికి.
పద్నాలుగు కాపులానాలు, ఒక్క మాటా లేదు.
ఇంతమందికి ఉతికాను గానీ
బట్టకు అవతలి కొస ఒకటుంటుందని
ఎప్పుడు మర్చిపోయానో.

వెళ్ళేముందు నా చెంపలకు కూడా పూసింది.
చల్లగా ఉంది, ఆరుతుంటే బిగిసింది.
పూసలకు డబ్బిస్తే మొమాదె లెక్కపెట్టుకున్నాడు.
చిల్లర మాత్రం ఇవ్వలేదు.

ఓడ గేటు దగ్గర కాపలా మనిషి నా కార్డు గీశాడు.
తెర మీద నా ఫొటో, ఎదురుగా నేను.
"తుడుచుకో, పోలిక కుదరడం లేదు."
ఒక చెంప తుడిచాను.
చూశాడు. వెనక వరస పెరుగుతోంది.
సరే పొమ్మన్నాడు.

కింద, ఊరు చూసొచ్చిన తువ్వాళ్ళు గుట్టపడి ఉన్నాయి
కోట దుమ్ముతో, అదే వానతో.
డ్రయర్లోంచి ఒక దుప్పటి తీశాను, చెయ్యి కాలేంత వేడి.
రాత్రి షిఫ్టు రమీలోను పిలిచాను.
"ఇటు రా, ఆ కొస పట్టుకో."
"మెషిన్ ఉందిగా?"
"ఉంది. పట్టుకో."