ఎండలో నగలు

తమ్‌లుక్‌లో పుష్యమాసం, ఇంకా తెల్లగా తెల్లవారలేదు.
పప్పు గిలకొట్టే పని ఈ ఏడు నాది.
అమ్మ భుజం పట్టేసింది.
డాక్టరు వద్దన్నాడు, అమ్మ వినలేదు,
పారమిత గిన్నె లాక్కుని నా ఒళ్లో పెట్టింది.

"ఒకే వైపు తిప్పు. చేయి మార్చకు."
నా వేళ్లు కొయ్యబారాక గానీ
మినప్పిండి వెన్న కాలేదు.
చిటికెడు తీసి చెంబు నీళ్లలో వేసింది అమ్మ.
మునిగింది.
"ఇంకా కొట్టు."
మూడోసారికి తేలింది.
నలభై ఆరేళ్లకు నేనూ ఒక పరీక్ష పాసయ్యాను.

మేడ మీద ఇత్తడి పళ్లేలు, పళ్లేల నిండా గసగసాలు.
ముందు ముసలాయన్నీ ముసలమ్మనీ కూర్చోబెట్టాలి:
రెండు లావుపాటి వడియాలు, పక్కపక్కనే,
నెత్తిన గరిక, ఆవిడకి కాస్త సిందూరం.
ఆ తరువాతే మిగతా సంతానం.

ఇక గుడ్డ పొట్లం, దాని మూతికి రేకు గొట్టం.
అమ్మ మణికట్టు తిరగడం మొదలయ్యాక
భుజం నొప్పి ఎటు పోయిందో!
శంఖు గాజులు పళ్లెం అంచుకి తగిలి టక్కుమంటుంటే
చెవి కమ్మలు, ఒక కంకణం,
మూడు పేటల హారం, నడుమ తామర మొగ్గ.

తితిర్ మోకాళ్ల మీద వంగి అడిగింది:
"ఠాకుమా, ఇవి నీకు నిజంగా ఉండేవా?"

అమ్మ గొట్టం ఎత్తలేదు. ఎత్తితే గీత తెగుతుంది.
"హారమా? మీ నాన్న పడవకి ఇంజనయింది.
కమ్మలు ఛబి అత్త కాన్పుకి వెళ్లాయి.
కంకణం మాత్రం
హల్దియా బస్సులో ఎవడో కొట్టేశాడు, వాడి చేతులు పడిపోను!"
అని తనే నవ్వింది.

ఆ ఇంజను రూప్‌నారాయణ్ బురదలో తుప్పు పట్టింది.
పాత ఇనుము కింద అమ్మేశాను,
తులాల్లో వచ్చింది, కిలోల్లో పోయింది.
అమ్మకి ఇంతవరకూ చెప్పలేదు.
ఏ చలికాలమూ హారం తప్పించలేదు ఆమె.
వేయించి పెడితే
పప్పన్నంలో విరుచుకుని
కరకరా నమిలాను, ఏటేటా, మొగ్గతో సహా.

తితిర్ వెదురుకర్ర అందుకునేలోగా
కాకి ముసలాయన తల ఎగరేసుకుపోయింది.
అమ్మ వేలికంటిన పిండితో కొత్త తల పెట్టింది.
"ఈ తలైనా మాట వింటుందేమో."
కింద వరండాలో నాన్న
ఎవరి గురించీ అన్నట్టు దగ్గాడు.

పిట్టగోడ నీడ ఒక పళ్లెం మీదికి పాకింది.
లేచి, రెండు చేతులా పట్టుకుని
ఎండలోకి జరిపాను,
హారం చెదరకుండా.