మక్రే గారి గుంట

జూలై చలి. ఆర్మిడేల్‌లో సోమవారం పొద్దున
కారు అద్దం మీద మంచు గీకి గీకి
వేళ్లు మొద్దుబారి ల్యాబుకొస్తే
డిస్కు నిండిపోయిందంటుంది కంప్యూటరు.
పిల్లికి బిచ్చం పెట్టని ఇల్లాలిలా
ఇంకొక్క ఫైలు కూడా పట్టదట.

"ఏదో ఒకటి తీసెయ్ హైమా" అని
కాఫీ కప్పుతో వెళ్ళిపోయింది బ్రాన్విన్.
ఏదో ఒకటి అంటే ఏది?

గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే
భుజాలు తడుముకున్నాను:
ఆఫీసు డిస్కులో ఓ మూల దాచిన
మా పిల్ల ఈత పోటీల వీడియోలు.
తూకం వేశాను. నాలుగు గిగాబైట్లు.
హమ్మయ్య, నేను కాదు.

తర్వాత బ్రాన్విన్ రిపోర్టు.
ఫైనల్, ఫైనల్ రెండు, అసలు ఫైనల్,
ఇక ముట్టుకోవద్దు ఫైనల్,
పదిహేడూ కలిపి తక్కెట్లో పెడితే
ముల్లు కదల్లేదు.

పెద్దవి పైకి, చిన్నవి కిందికి వరస పెట్టమన్నాను.
ఫోల్డరులో ఫోల్డరు, దాన్లో ఇంకోటి,
ఉల్లిపొరలు ఒలుచుకుంటూ పోతే
అట్టడుగున పడుకుని ఉంది
మక్రే గారి గుంట.
ఆరు వందల పన్నెండు గిగాబైట్లు.

కరువేడు అది. కంచె గుంజకి మైకు కట్టి
మునిమాపు నుంచి తెల్లారేదాకా
కప్పల అరుపు కోసం చెవి ఒగ్గిన
రెండు వందల ముప్పై రాత్రులు.

ఒకటి తెరిచాను. గాలి.
ఇంకోటి. ముళ్ళతీగ కిర్రుమంది.
మరోటి. ఎండిన గుంటలో ఆవు అడుగులు,
ఎక్కడో గొర్రెల లారీ గేరు మార్చిన చప్పుడు.
కప్ప లేదు.
వాన రాత్రి వెయ్యి కప్పలు గొంతు చించుకున్నా
ఇలా ఒక్కటీ నోరు మెదపకున్నా
గంటకి గంట అదే బరువు.
ఏది అరుపో ఏది లేమో
డిస్కుకేం తెలుసు.

నొక్కితే పోయేది. వేలు పెట్టాను కూడా.

నూట నాలుగో రాత్రి మొదట్లో
బూట్ల కింద మట్టి పెచ్చులు విరిగిన చప్పుడు.
బ్యాటరీ మూత ఊడదీస్తూ ఎవరో ఆడమనిషి
తెలుగులో గొణుగుతోంది:
"ఎక్కడ చచ్చార్రా అందరూ,
ఒక్కడైనా పలకండ్రా."

తర్వాత పదకొండు గంటలు
జవాబు లేదు.

ఆ గొంతు నాదేనని పోల్చుకోడానికి
మూడుసార్లు వినాల్సొచ్చింది.

మధ్యాహ్నం బ్రాన్విన్ తలుపులోంచి తొంగిచూసి
"అంత చోటు ఏం తినేస్తోందో తేలిందా?" అంది.
"ఏమీ లేదు" అన్నాను.
ఉన్నమాటే చెప్పాను.
ఆమె ఇంకోలా అర్థం చేసుకుని వెళ్ళిపోయింది.

ఈత వీడియోలు తీసేశాను,
ఇంట్లో ఇంకో కాపీ ఉందిలే.
నాలుగు గిగాబైట్లు ఖాళీ.
ఒక రాత్రిన్నర పడుతుంది.